జెండా ముడి

"పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టిందెవరో వాళ్లంతట వాళ్లు ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది," అన్నారు మావయ్య గారు.

సోమవారం పొద్దున ఏడున్నరకి వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. పొయ్యి మీద ఉప్మా ఉంది. మా అమ్మాయి మహిమ ఒక కాలికి సాక్సు వేసుకుని రెండోది వెతుక్కుంటోంది. మా ఆయన ఇమ్మానుయేలు దర్శి బస్సు వెళ్లిపోతుందేమోనని నిలబడే టీ తాగుతున్నాడు. అత్తయ్య నేల మీద కూర్చుని, ఒళ్లో జాడీ పెట్టుకుని, లోపలికి చూస్తోంది. పండుమిరపకాయ పచ్చడి మీద అరచెయ్యంత మేర తెల్లగా బూజు.

ఇంత చిన్నదానికి గొడవేమిటని మా వైపు వాళ్లెవరూ అనరు. చేలో కాయ పండి ఎర్రబడగానే, ఎండనివ్వకుండా తెచ్చి, కడిగి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కి జాడీకెత్తితే అది ఏడాది పొడుగునా ఉండాలి. వారానికోసారి కాస్త తీసి వెల్లుల్లితో తాలింపు పెట్టుకుంటాం. ఫిబ్రవరిలో పెట్టిన పచ్చడి ఏప్రిల్‌కే బూజు పట్టిందంటే ఆ ఇంట్లో ఎవరో తడి చేత్తో ముట్టుకున్నట్టే.

మావయ్య గారి పేరు యేసుపాదం. ముప్పై నాలుగేళ్లు బళ్లో పనిచేసి హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. ఊళ్లో మా చర్చికి సంఘపెద్ద. ఈ రెండు పనుల్లోనూ ఆయనకి బాగా ఇష్టమైన భాగం విచారణ.

"మహిమా, నువ్వా?"

"నాకు కారం పడదు తాతయ్యా."

"ఒరే అబ్బాయ్, నువ్వా?"

"గరిటెలు ఎక్కడుంటాయో కూడా నాకు తెలీదు నాన్నా," అన్నాడు మా ఆయన. అది నిజమే. అంత గర్వంగా చెప్పాల్సిన నిజం మాత్రం కాదు.

"ఎప్పుడూ తీసేది నేనే. నా చెయ్యి తడిగా ఉండదు," అంది అత్తయ్య తల ఎత్తకుండా. నలభై ఐదేళ్లుగా ఉండలేదు. ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లు ఊళ్లోనే లేరు.

ఇక మిగిలింది నేను.

"అమ్మాయ్, శనివారం తలంటుకున్నట్టున్నావు?"

"తలంటుకున్నాను. పచ్చడి మాత్రం తియ్యలేదు మావయ్యా."

"అమ్మ తల జాడీలో పట్టదు తాతయ్యా," అంది మహిమ.

ఆయన ఆ సాక్ష్యం పట్టించుకోలేదు. "గుంటూరు వాళ్లు పచ్చడి కొనుక్కుంటారు. మనం పెట్టుకుంటాం. ఆ తేడా ఉంటుంది గదా. పర్లేదులే అమ్మాయ్, ఇక మీదట చూసుకో," అని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

అంటే నన్ను క్షమించేశారన్నమాట. చెయ్యని తప్పుకి క్షమాపణ పుచ్చుకోవడం ఎంత కష్టమో అప్పటిదాకా నాకు తెలియదు. నేను గుంటూరులో బీఎస్సీ బోటనీ చదివాను. బూజు ఎలా పుడుతుందో పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఈ ఇంట్లో ఏ డబ్బా మూత నా చేతుల్లో వదులుగా ఉండలేదు. ఆ పూట ఉప్మా అడుగంటింది. అది మాత్రం నా తప్పే.

మావయ్య గారిని ఎవరూ అడగలేదు. అడిగే పనే లేదు. ఈస్టరుకి ముందు, ఆదివారాలు తీసేసి లెక్కపెట్టే నలభై శ్రమ దినాలు మొదలైన బుధవారం ఆయన చర్చిలో నిలబడి, "ఈ నలభై రోజులూ ఎవరికి ఇష్టమైనది వాళ్లు మానుకోవాలి. నేను పచ్చడి మానేస్తున్నాను," అని ప్రకటించారు. పచ్చడి లేకుండా ఆయన ముద్ద ఎత్తడం ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆడవాళ్ల వైపు నుంచి 'అయ్యో' అని ఒక నిట్టూర్పు వినిపించింది. ఆ ఊపులో తొమ్మిది మంది టీ మానేశారు. ఇద్దరు ఖైనీ మానేశారు. త్రినాథ్ మందు మానేశాడు.

త్రినాథ్ ట్రాక్టరు తోలతాడు. నలభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు మావయ్య గారి దగ్గరే చదువుకున్నాడు. వాళ్లావిడ రెబ్కా పెళ్లికి ముందు నుంచీ విశ్వాసి. అతను చర్చికి వచ్చి వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. బాప్తిస్మం ఇవ్వమని ఇదివరకు రెండుసార్లు అడిగాడు. తాగుతాడని రెండుసార్లూ మావయ్య గారు కుదరదన్నారు. ఈసారి, "నలభై రోజులు మందు ముట్టకుండా ఉండి రా. ఈస్టరుకి ఇస్తాం," అని షరతు పెట్టారు.

గుంటూరులో మేము వెళ్లే చర్చిలో పసిపిల్లల నెత్తిన నీళ్లు చిలకరిస్తారు. ఇక్కడ పద్ధతి వేరు. బుద్ధి తెలిశాక, తన తప్పు ఒప్పుకుని, నమ్ముకున్నానని నలుగురి ముందూ సాక్ష్యం చెప్పి, నీళ్లలో నిండా మునగాలి. అంతకుముందు సంఘపెద్ద పరీక్ష చేస్తాడు. మా చర్చికి తొట్టి లేదు. ఊరి చివర సాగర్ కాలువే తొట్టి. ఈస్టరు మర్నాడు సోమవారం నుంచి కాలువ కట్టేస్తున్నారని లాకుల దగ్గరి మనిషి అప్పటికే చెప్పిపోయాడు. మళ్లీ నీళ్లొచ్చేది ఆగస్టులో.

ఆ సోమవారం సాయంత్రమే మా వరండాలో పరీక్ష. మావయ్య గారు పడక్కుర్చీలో, పాస్టరు సాల్మన్ గారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో. సాల్మన్ గారికి ముప్పై నిండలేదు. మా ఊరొచ్చి ఏడాదైంది. ప్రసంగంలో గట్టిగానే మాట్లాడతారు గానీ మావయ్య గారి ముందు బళ్లో పిల్లాడిలా మోకాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. త్రినాథ్, రెబ్కా బెంచీ చివర కూర్చున్నారు. నేను టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"పది ఆజ్ఞలు చెప్పరా."

త్రినాథ్ చెప్పాడు. ఏడు దాకా వరసగా, ఆ తర్వాత తొమ్మిది, ఎనిమిది, పది.

"సర్లే. నలభై రోజుల సంగతేంటి? నిలబడ్డావా?"

"లేదండి."

రెబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇరవై ఆరో రోజున తాగానండి. మిర్చి యార్డులో కాయలు దింపొస్తుంటే వాళ్లు పోశారు. వాళ్ల తప్పేం లేదండి, గ్లాసు చాపింది నేనే. ఆ ఒక్క రోజే."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్లేదండి. అందుకే చెప్తన్నా."

పాస్టరు గారు టీ గ్లాసు కింద పెట్టారు. మావయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టు," అన్నారు.

"అప్పటికి కాలవలో నీళ్లుండవు గదండీ."

"ఆగస్టులో వస్తాయి."

"నీళ్లు వస్తాయండీ. నేను రాను. నా సంగతి నాకు తెలుసు. నాలుగు నెలలు నన్ను నాకే వదిలేస్తే ఏమైపోతానో గూడా తెలుసు."

"మారి రా. ముంచుతాం."

"మారడానికే వస్తన్నానండి. జొరం తగ్గాక ఆసుపత్రికి రమ్మన్నట్టుంది మీరు చెప్పేది."

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మాస్టారు గారూ, ఆ మాటలో న్యాయముంది. కృప అంటే మనం ముందు..."

"అయ్యగారూ, కృప సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా సండే స్కూల్లో చెప్తున్నాను. కృప ఉంది గదా అని ఎవడు పడితే వాడు దిగితే ఆ కాలవ చాలదు." త్రినాథ్ వైపు తిరిగారు. "ఒరే, నాకు డెబ్బై ఏళ్లు. పచ్చడి లేకుండా ఒక్క పూట తిన్నవాణ్ణి కాదు. ఇవాళ్టికి ముప్పై ఐదు రోజులు. మనసుండాలిరా. మనసుంటే ఏదైనా అవుద్ది."

త్రినాథ్ ఆయన వైపు నిజమైన గౌరవంతో చూశాడు. "మీరు వేరండి," అన్నాడు. లేచి నిలబడి, "ఇంక అడగనులెండి," అని రెబ్కాతో, "పద," అన్నాడు. గ్లాసులో టీ సగం అలాగే ఉంది.

ఆ గ్లాసులు కడిగి, పంచదార కోసం సామాన్ల గదిలోకి వెళ్లాను. పొద్దున అత్తయ్య బూజు ఉన్నంత మేర తీసేసి, మిగిలిన మంచి పచ్చడిని చిన్న జాడీలోకి ఎత్తి, మూతికి వాసెన గుడ్డ కట్టింది. ముడి జారకుండా నేనే వేలు పెట్టి పట్టుకున్నాను. అత్తయ్య ముడి అంటే రెండు పేటల ముడి, పళ్లతో తప్ప ఊడదు. ఇప్పుడు ఆ ముడి లేదు. దాని బదులు చక్కటి జారుముడి, ఒక కొస పొడుగ్గా కిందికి వేలాడుతూ.

ఆ ముడి నాకు తెలుసు. ఒక రిపబ్లిక్ డే నాడు ఇంకో మాస్టారు కట్టిన జెండా ఎంత లాగినా విచ్చుకోలేదట. సర్పంచి గారు విసుగొచ్చి గట్టిగా లాగితే కర్రే ఊడొచ్చిందట. ఆ ఏడాది నుంచి రిటైరయ్యేదాకా జెండా మావయ్య గారే కట్టేవారు. గాలికి ఊడకూడదు, లాగితే ఆగకూడదు, అదీ దాని గొప్ప. ఇప్పటికీ ఇంట్లో పాత పుస్తకాల కట్టకైనా, చర్చి రిజిస్టర్ల మూటకైనా అదే ముడి. నేను కొస పట్టుకుని లాగాను. గుడ్డ ఠక్కున విచ్చుకుంది. పూలు రాలలేదు, అంతే తేడా.

ముప్పై ఐదు రోజులంటూ ఆ మనిషి వరండాలో చెప్పిన మాట మధ్యాహ్నం తిన్న పచ్చడి అరక్కముందే చెప్పిన మాట.

అత్తయ్య పెరట్లో మెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అత్తయ్యా, జాడీ ముడి చూశారా?"

"చూశా."

"ఇవాళేనా?"

"శ్రమ దినాల్లో మొదటి శుక్రవారం నుంచీ చూస్తన్నా."

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"అప్పుడు జాడీ అటక మీదుంది గదా. ఆయన కుర్చీ ఎక్కి దించుతున్నారు. పడితే ఈ వయసులో తుంటి విరుగుద్ది. అందుకని పీట మీదికి దించి పెట్టా. పక్కన పొడి గరిటె పెట్టా. రెండ్రోజులకోసారి తాలింపు పెట్టి గిన్నెలో మూతేసి ఉంచుతున్నా. గిన్నెలోది తినేసి, కడిగి బోర్లిస్తారు గూడా. అది చాలదు. చెయ్యి కడుక్కుని, కడిగిన గిన్నెల బుట్టలో తడి గరిటె ఒకటి తీసుకుని మళ్లీ జాడీ దగ్గరికే పోతారు."

"ఆ గిన్నె ఎవరు పెడుతున్నారనుకుంటున్నారట?"

"ఏమో. ఆకాశం నుంచి మన్నా కురుస్తోందనుకుంటున్నారేమో."

నాకు నవ్వు రాలేదు. "నా మీద పెట్టారు గదా అత్తయ్యా. మీరు పక్కనే కూర్చుని ఒక్క మాట అనలేదు."

ఆమె చేతిలో గింజ కింద పడేసి నా వైపు చూసింది. "అది నాకూ కష్టంగానే ఉందమ్మా. కానీ నేను పట్టుకుంటే నేను పట్టుకున్నానని మానేస్తారు. పట్టుబడి మానేస్తే అదేం మానడం? నిన్ను అనేటప్పుడు ఆయన మొహం చూశావా? ఎంత చెమటో."

"పొయ్యి సెగ అనుకున్నాను."

"సెగే."

"మరి త్రినాథ్ సంగతో? ఆదివారం దాటితే నీళ్లుండవు."

"అదే నాకూ పాలుపోవట్లేదు," అంది అత్తయ్య. " మంచి శుక్రవారం మూడు గంటలు చర్చిలోనే ఉంటారు గదా. ఏమన్నా తడుతుందేమో చూద్దాం. తట్టకపోతే అప్పుడు నేనే చెప్తా."

నాకు అంత ఓపిక లేదు. పాస్టరు గారి ముందు ఆ జాడీ పెట్టి ఏం మాట్లాడాలో పడుకునే ముందు మనసులో మూడు రకాలుగా అనుకున్నాను. మూడూ బాగానే వచ్చాయి. మూడింట్లోనూ గరిటె ఉంది, గుంటూరు ఉంది, బోటనీ ఉంది. త్రినాథ్ పేరు ఒక్కదాంట్లోనూ లేదని మర్నాడు పొద్దున పాలు కాస్తుంటే తట్టింది. ఇక నేనూ నోరు మూసుకున్నాను.

రోజూ పొద్దున అత్తయ్య ముడి, సాయంత్రానికి జెండా ముడి. మంగళవారం అంతే, బుధవారం అంతే. గురువారం అత్తయ్య ముడి అత్తయ్య ముడిలాగే ఉంది. నేను సంతోషపడ్డాను. తర్వాత తెలిసింది, ఆ పూట ఆయన చుట్టాలింట్లో భోంచేశారని. ఈ నాలుగు రోజులూ నేను అన్నం వడ్డిస్తుంటే, "చెయ్యి తుడుచుకున్నావా అమ్మాయ్?" అని అడగడం మాత్రం మానలేదు.

మంచి శుక్రవారం పొద్దుటి నుంచీ అందరం ఉపవాసం. చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. త్రినాథ్, రెబ్కా ఎప్పటిలాగే వెనక వరసలో కూర్చున్నారు. అడగనన్నవాడు రావడం కూడా మానేస్తాడేమో అనుకున్నాను. మానలేదు. మూడున్నరకి ఇంటికొచ్చాక మావయ్య గారు, "కాసేపు నడుం వాలుస్తాను," అని లోపలికి వెళ్లారు. అత్తయ్యా నేనూ వంటింట్లో సాయంత్రం భోజనానికి దొండకాయలు తరుగుతున్నాం.

వంటింటికీ సామాన్ల గదికీ మధ్య తలుపు ఓరగా ఉంది. ఆ గదికి పెరట్లోకి ఇంకో తలుపుంది. ముందు పెరట్లో గిన్నెల బుట్ట గలగలమని చప్పుడైంది. తర్వాత గుడ్డ విచ్చుకున్న చప్పుడు. అత్తయ్య కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

అదే సమయానికి పెరట్లో ట్రాక్టరు ఆగింది. ఆ రోజు యార్డుకి సెలవు. బండి ఖాళీగా ఉంటే, మా పొలం కౌలుకి చేస్తున్న రైతు ఏడాది కారానికి మాకు పంపే మిరపకాయల గోతం ఎత్తుకుని త్రినాథ్ వచ్చాడు. ప్రతి ఏడూ వచ్చినట్టే పెరటి తలుపు భుజంతో తోసుకుని, గోతం కింద తల వంచుకుని, "అమ్మా, ఎక్కడ దించమంటారు?" అంటూ నేరుగా సామాన్ల గదిలోకి నడిచాడు.

తలుపు సందులోంచి చూస్తే, మావయ్య గారి భుజం మీద వాసెన గుడ్డ ఉంది. నోట్లో గరిటె ఉంది.

గోతం దబ్బున కింద పడింది. ఘాటు గదంతా లేచింది. మావయ్య గారికి పొలమారింది. ఆ దగ్గుకి కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే, త్రినాథ్ ఆయన తల మీద తట్టి, మూల కుండలో నీళ్లు ముంచి తాగించి, పీట మీది జాడీ పక్కకి జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు. దగ్గు తగ్గాక ఆయన చేతిలో గరిటె వైపు చూసి, మెల్లిగా, "మాస్టారూ, గరిటె తడిగా ఉందండి," అన్నాడు.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్తయ్య నా చెయ్యి గిల్లింది.

"ఎవరికీ చెప్పనులెండి," అన్నాడు త్రినాథ్.

మావయ్య గారు గరిటె వైపే చూస్తున్నారు.

"ఇదే మొదటిసారా అండి?" రోగిని అడిగినట్టు అడిగాడు.

"కాదురా."

"నేను పడింది ఇరవై ఆరో రోజండి. మీరో?"

మావయ్య గారు గరిటె పక్కన పెట్టి, "మూడో రోజు," అన్నారు.

త్రినాథ్ నవ్వలేదు. పాపం అన్నట్టు నాలిక చప్పరించాడు. "మొదటి వారమే కష్టమండి. నాకూ అట్టాగే ఉండేది. రెబ్కాకి చెప్పుకునేవాణ్ణి. చెప్పుకుంటే ఆ పూటకి గడిచేది. మీరు గూడా ఎవరికన్నా చెప్పుకోవాల్సిందండి."

"ఎవరికి చెప్పుకోనురా? అందరూ నాకే చెప్పుకుంటారు."

"అవునండి," అన్నాడు త్రినాథ్ కాసేపు ఆలోచించి. "అదొకటుంది."

అప్పుడు అతను కాలవ సంగతి ఎత్తుతాడని నేను అనుకున్నాను. మావయ్య గారూ అనుకున్నారు. తల పైకెత్తి అతని నోటి వైపే చూస్తున్నారు. ఎత్తి ఉంటే ఆయనకి తేలికయ్యేది. కోప్పడ్డానికి ఏదో ఒకటి దొరికేది. త్రినాథ్ కింద పడిన గోతం నిలబెట్టి, తలగుడ్డతో చేతులు దులుపుకుని, "కాయ బాగుందండి, తాలు లేదు. ఇంకో ఎండ చూపించి కారం పట్టించుకోండి," అని వెళ్లిపోయాడు. ట్రాక్టరు సందు మలుపు తిరిగేదాకా వినిపించింది.

మావయ్య గారు ఆ పీట మీంచి లేవలేదు. మేము దొండకాయలు తరగడం అయిపోయింది, వేపుడూ అయిపోయింది. ఆయన అక్కడే ఉన్నారు.

ఆరున్నరకి ఉపవాసం విడవడానికి అందరం కూర్చున్నాం. అన్నం, పప్పు, దొండకాయ వేపుడు, చారు. మావయ్య గారి భోజన ప్రార్థన మా ఇంట్లో పేరు పడినది. సంఘం, ఊరు, వానలు, పంట ధర, పాలకులు అన్నీ అయ్యేసరికి అన్నం చల్లారుతుంది. మహిమ పసితనం నుంచీ చల్లారిన అన్నానికే అలవాటు పడింది. ఆ రోజు ఆయన కళ్లు మూసుకుని, "తండ్రీ," అని ఆగిపోయారు.

ఎంతసేపటికీ రెండో మాట రాలేదు. మహిమ ఒక కన్ను తెరిచింది. "ఆమెన్ అయిపోయిందా తాతయ్యా?"

"లేదమ్మా." మళ్లీ కళ్లు మూసుకున్నారు. "తండ్రీ, నా మీద దయ ఉంచు. ఆమెన్."

అన్నం మీద ఇంకా ఆవిరి లేస్తోంది. మాలో ఎవరికీ ముందు చెయ్యి పెట్టడానికి ధైర్యం చాలలేదు.

"అమ్మాయ్," అన్నారు నా వైపు చూసి. "తడి గరిటె నాది."

"ఏ గరిటె?" అన్నాడు మా ఆయన.

"పచ్చడి జాడీలోదిరా. మూడో రోజు నుంచీ తింటున్నాను. సోమవారం బూజు చూసి భయమేసింది. అమ్మాయి మీద పెట్టేశాను. నువ్వు కాదని నాకు తెలుసమ్మా. తెలిసే పెట్టాను."

సోమవారం నుంచీ నేను సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ అప్పుడు పనికి రాలేదు. "ఉప్మా నేనే మాడ్చాను మావయ్యా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"చర్చిలో మానేశానన్నారు గదా తాతయ్యా," అంది మహిమ. "అంటే అబద్ధం చెప్పారా?"

"చెప్పానమ్మా."

మహిమ ఆ జవాబుకి సిద్ధంగా లేదు. పప్పు కలుపుకోవడం మొదలుపెట్టింది.

మావయ్య గారు అత్తయ్య వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"గిన్నె ఎవరు పెడుతున్నారనుకున్నారు?"

ఆయన ఆమె వైపు చాలాసేపు చూశారు. బళ్లో గానీ చర్చిలో గానీ ఆయన ఎవరి వైపూ అలా చూసి ఉండరు. "జాడీ అటక దిగినప్పుడే నాకు తట్టాల్సింది. మొదటి రోజు నుంచీ తెలిసే పెట్టావా?"

"తినకుండా ఎట్టాగూ ఉండరు. కుర్చీ మీంచి పడకుండా అన్నా ఉంటారని."

నేను లేచి వెళ్లి తాలింపు గిన్నె, పొడి గరిటె తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. వెటకారానికి కాదు. ఆయన అది అర్థం చేసుకున్నారు. గిన్నె కొంచెం అవతలికి జరిపి, "ఆదివారం తింటానమ్మా. రెండ్రోజులు ఆగగలనేమో చూస్తాను. ఆగలేకపోతే దాచుకోను, మీ అత్తయ్యకి చెప్తాను," అన్నారు.

ఆ తర్వాత, కంచంలో అన్నం వైపు చూస్తూ ఎవరికో చెబుతున్నట్టు చెప్పారు. "నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆ కాలవలోనే ఇచ్చారు బాప్తిస్మం. మా నాయన దిగరా అన్నాడు, దిగాను. కొత్త చొక్కా తడిసిపోతుందని ఏడ్చిన సంగతి గుర్తుంది. తప్పు ఒప్పుకున్నట్టు మాత్రం గుర్తు లేదు. తాత నాటి నుంచీ క్రైస్తవులం, మనకి వేరే ఒప్పుకోవడమేంటనుకున్నాను. యాభై ఆరేళ్లు. ఇన్నేళ్లలో ఎంతమందిని ఒప్పించానో రిజిస్టర్లో ఉంది. నాది ఇవాళ సామాన్ల గదిలో, త్రినాథ్ అడిగితే, ఒక్క మాట వచ్చింది. ఆ ఒక్క మాటకే ఒళ్లు తేలికైపోయింది."

"అయితే మళ్లీ మునుగుతారా?" అడిగాడు మా ఆయన.

"నీళ్లు ఒకసారి చాల్లేరా. అప్పుడు లేనిది ఒప్పుకోవడమే." ఆయన నిటారుగా కూర్చున్నారు. అది ఆయన తీర్పు చెప్పే పద్ధతే గానీ గొంతు వేరుగా ఉంది. "ఒరే అబ్బాయ్, తినగానే అయ్యగారికి ఫోన్ చెయ్. ఆదివారం తెల్లారేసరికి కాలవ దగ్గర త్రినాథ్‌కి బాప్తిస్మం. వాడికంటే ముందు నేను నిలబడి సాక్ష్యం చెప్తాను, మూడో రోజు దగ్గర్నుంచి. రిజిస్టరు అయ్యగారికి ఇచ్చేస్తాను. ఇక మీదట ఈ పరీక్ష పని నాది కాదు. త్రినాథ్‌కి మాత్రం ఫోన్ చెయ్యొద్దు. వాడింటికి నేనే వెళ్లి చెప్పొస్తాను."

"ఊరంతా నవ్వుతారు నాన్నా."

"నవ్వుతారు. నాకూ అదే భయం."

అత్తయ్య ఆయన కంచంలో చారు పోసింది.

"సాక్ష్యం పొడుగ్గా చెప్పకండి," అంది. "సోమవారం కాలవ కట్టేస్తారు."